పీసీఓడీకి హార్మోన్ మాత్రలా, మెట్‌ఫార్మినా? పెళ్లి సంబంధాలు చూస్తున్న సమయంలో ఏ వైద్యం ఎంచుకోవాలి?

ప్రశ్న: చిత్తూరు జిల్లా విద్యార్థిని

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు. మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. తిరుపతిలో హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాను. ఇంటర్ రోజుల నుంచీ నాకు నెలసరి క్రమంగా రాదు. మొదట్లో నలభై యాభై రోజులకు ఒకసారి వచ్చేది, ఈమధ్య మాత్రం రెండు నెలలకు గానీ, ఒక్కోసారి మూడు నెలలు దాటితే గానీ రావడం లేదు. వచ్చినప్పుడు వారానికి పైగా ఎక్కువగా పోతుంది. గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తున్నాయి, మొటిమలు తగ్గడం లేదు, మెడ వెనుక చర్మం నల్లబడింది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. మా నాన్నకు షుగరు ఉంది, నాయనమ్మకూ ఉండేది.

స్కానింగులో రెండు అండాశయాల్లోనూ పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా ఎదగని సమస్య) మార్పులు ఉన్నాయని రాశారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. పరగడుపు షుగరు 98 ఉంది. మొదట చూపించుకున్న డాక్టరుగారు నెలకు 21 చొప్పున వేసుకునే గర్భనిరోధక మాత్రలు రాసి, అందులో పురుష హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించే సైప్రోటెరోన్ ఉంటుందని, వెంట్రుకలకు కూడా పనిచేస్తుందని చెప్పారు. ఆ మాత్రల పేరు వినగానే అమ్మ భయపడి, పెళ్లి కాని పిల్లకు పిల్లలు పుట్టకుండా చేసే మందులు ఎందుకని వాటిని వేసుకోనివ్వలేదు. రెండో డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ రాశారు. నాకు షుగరు లేనప్పుడు షుగరు మాత్ర ఎందుకో అర్థం కాలేదు, అడగడానికి అక్కడ వ్యవధి కూడా ఇవ్వలేదు. మందుల షాపులో ఇనోసిటాల్ పొడి ప్యాకెట్లు వాడితే చాలన్నారు. మా బంధువుల్లో ఒకరు ఆపరేషన్ చేసి అండాశయాల్లోని గడ్డలు తీయించుకోమంటున్నారు.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇప్పుడు ఏది మొదలుపెట్టాలో, ఏది మొదలుపెడితే తరువాత పిల్లలు కలగడానికి అడ్డవుతుందో, అసలు ఏమీ వాడకుండా బరువు తగ్గి ఊరుకుంటే సరిపోతుందో నాకు తేలడం లేదు. అనుభవం ఉన్నవారు, తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: తిరుపతి, ఉపాధ్యాయిని

చెల్లీ, మీ అమ్మగారి భయం నాకు బాగా అర్థమవుతుంది. మా ఇంట్లోనూ అదే మాట అన్నారు. నాకు డిగ్రీ రోజుల్లో పీసీఓఎస్ (పీసీఓడీనే ఇలా కూడా అంటారు) అని తేలింది. పెళ్లికి ముందు కొన్నేళ్లు హార్మోన్ మాత్రలు వాడాను. వాడినంత కాలం నెలసరి క్రమంగా వచ్చింది, మొటిమలు తగ్గాయి. గడ్డం మీది వెంట్రుకలు తగ్గడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కొత్తగా మొలిచేవి సన్నబడ్డాయి గానీ, అప్పటికే గట్టిపడినవాటికి లేజర్ చేయించుకోవలసి వచ్చింది. పెళ్లయ్యాక మాత్రలు ఆపాను. ఆపిన తరువాత నెలసరి మళ్లీ తప్పింది. ఆ సమయంలోనే చుట్టాలందరూ ఆ మాత్రల వల్లనే ఇలా జరిగిందని తీర్మానించారు. నిజానికి మాత్రలకు ముందు నా నెలసరి ఎలా ఉండేదో, ఆపాకా అలాగే ఉంది. మాత్ర జబ్బును అదుపులో ఉంచుతుందే తప్ప మాన్పదు కాబట్టి, ఆపితే పాత స్థితి తిరిగి వస్తుంది. తరువాత అండం విడుదలయ్యేందుకు కొద్ది రోజుల మందు వాడాక గర్భం వచ్చింది, మాకిప్పుడు ఒక పాప ఉంది.

లేజర్ విషయంలో ఒక మాట చెప్పాలి. మనవంటి చామనఛాయ, నలుపు చర్మానికి ఏ లేజర్ వాడతారో ముందే అడగండి. ఎన్‌డీ-యాగ్ రకం మన చర్మానికి మిగతావాటికంటే క్షేమమని చర్మవైద్యులు నాకు చెప్పారు. బ్యూటీ పార్లర్లలో చవకగా చేస్తామంటే వెళ్లవద్దు, కాలి మచ్చలు పడినవారిని నేను చూశాను. అంతవరకూ త్రెడింగ్ చేయించుకున్నా, షేవింగ్ చేసుకున్నా తప్పు లేదు. షేవింగ్ చేస్తే వెంట్రుకలు దట్టమవుతాయనేది అపోహ మాత్రమే.

సమాధానం: ఎండోక్రైనాలజీ వైద్యురాలు, తిరుపతి

అమ్మా, నేను హార్మోన్ల జబ్బులకు వైద్యం చేస్తాను. మిమ్మల్ని పరీక్షించకుండా ఫలానా మందు వేసుకోమని చెప్పడం సరికాదు. అయితే మీరు మీ డాక్టరుగారి ఎదుట కూర్చున్నప్పుడు ఏమేమి అడగాలో, అవి ఎందుకు ముఖ్యమో చెప్పగలను. ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు మందులు రాశారంటే వారిలో ఒకరు పొరబడ్డారని అర్థం కాదు. ఒకరు మీ నెలసరినీ వెంట్రుకలనూ చూసి రాశారు, మరొకరు మీ బరువునూ మీ నాన్నగారి షుగరునూ చూసి రాశారు. ఈ జబ్బులో అందరికీ ఒకే మందు ఉండదు. ఇప్పుడు మీకు ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉంది, రాబోయే ఏడాది రెండేళ్లలో మీరు ఏమి కోరుకుంటున్నారు అన్నదానిని బట్టి మందు మారుతుంది.

నిర్ధారణ సంగతి మొదట చెబుతాను. 2003లో రోటర్‌డామ్ నగరంలో నిపుణులు అంగీకరించిన ప్రమాణాలనే కొద్ది మార్పులతో ఇప్పటికీ అనుసరిస్తున్నాము. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల ప్రభావం లక్షణాల్లో గానీ రక్తపరీక్షలో గానీ కనిపించడం, స్కానింగులో అండాశయాల నిండా చిన్న చిన్న ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) ఉండడం అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఇవే లక్షణాలు కలిగించే ఇతర జబ్బులు లేవని తేలితే, దానిని పీసీఓఎస్‌గా గుర్తిస్తాము. మీకు మొదటి రెండూ ఉన్నాయి కాబట్టి స్కానింగు అవసరం కూడా పెద్దగా లేదు. ఆ స్కానింగులో కనిపించేవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన ఆ సంచులే. అవి కోసి తీయవలసిన గడ్డలు కావు. పెళ్లి కాని అమ్మాయికి కేవలం స్కానింగు రిపోర్టు చూసి ఆపరేషన్ చేయించడం ఎంతమాత్రమూ తగదని గట్టిగా చెబుతున్నాను. అండాశయాలపై చేసే చికిత్స ఒకటి ఉన్నమాట నిజమే గానీ, అది గర్భం కోసం ప్రయత్నిస్తూ మందులకు ఫలితం కనిపించని కొందరి కోసం ఉద్దేశించినది.

మీరు ఇంకా ఏ హార్మోన్ మాత్రా మొదలుపెట్టలేదు కాబట్టి, టెస్టోస్టెరాన్ పరీక్షా, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్షా ఇప్పుడే చేయించుకోవడం మంచిది. మాత్రలు మొదలుపెట్టాక టెస్టోస్టెరాన్ ఫలితం నమ్మదగినదిగా ఉండదు. అప్పుడు చేయించాలంటే కనీసం మూడు నెలలు మాత్రలు ఆపవలసి వస్తుంది. రెండో పరీక్ష ఎడ్రినల్ గ్రంథికి సంబంధించి పుట్టుకతో వచ్చే ఒక లోపాన్ని పట్టిస్తుంది. ఆ లోపం అచ్చంగా పీసీఓఎస్ లాగానే కనిపిస్తుంది, దాని వైద్యం మాత్రం వేరు. వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగినా, గొంతు బొంగురుగా మారినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

శరీరంలో జరిగేది ఏమిటో తెలిస్తే మందుల ఎంపిక తేలిక అవుతుంది. మన కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. మీ మెడ వెనుక నలుపు దానికి గుర్తు, సబ్బుతో రుద్దితే పోయే మురికి కాదు. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. అంతేగాక, రక్తంలో ఆ హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీను కాలేయంలో తయారు కావడాన్ని తగ్గిస్తుంది. దానితో అండం ఎదగదు, విడుదల కాదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ రాదు. ప్రొజెస్టిరాన్ లేకపోతే గర్భాశయం లోపలి పొర ఈస్ట్రోజెన్ ప్రభావంతో నెలల తరబడి మందమవుతూనే ఉంటుంది. మీకు ఆలస్యంగా వచ్చిన నెలసరిలో వారానికి పైగా ఎక్కువగా పోవడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి ఇలాగే వదిలేస్తే ఆ పొరలో అసాధారణ మార్పులు, అరుదుగా క్యాన్సరు కూడా రావచ్చు. చిన్న వయసులో ఆ ముప్పు చాలా తక్కువ, భయపడవలసిన పని లేదు. అయితే 90 రోజులకు మించి నెలసరి రాకుండా పదే పదే జరగనివ్వకూడదన్నది ఈ వైద్యంలో నేను దేనికీ వదులుకోని నియమం.

హార్మోన్ మాత్రల సంగతికి వస్తే, అవి ఆ పొరను కాపాడతాయి, అండాశయాలు తయారుచేసే పురుష హార్మోన్లను తగ్గిస్తాయి, హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీనును పెంచుతాయి. అందుకే నెలసరికీ, వెంట్రుకలకూ, మొటిమలకూ మొదట ఎంచుకునే మందు అదే. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. అవి చెప్పే మరో మాట మీకు ఉపయోగపడుతుంది. సైప్రోటెరోన్‌తో కలిసిన 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ మాత్రను మొదటి ఎంపికగా వాడవద్దని, రక్తం గడ్డకట్టే ముప్పు వంటి కారణాల వల్ల దానిని రెండో వరుసలో ఉంచాలని అవి సూచిస్తున్నాయి. కాబట్టి ఈస్ట్రోజెన్ మోతాదు తక్కువగా ఉన్న మామూలు మాత్రతో మొదలుపెట్టవచ్చునా అని మీ డాక్టరుగారిని అడగండి. రక్తపోటు చూపించుకోండి. మీకు పార్శ్వపు తలనొప్పి ఉండి, నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు గానీ వంకర గీతలు గానీ కనిపిస్తుంటే, లేదా మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ సంగతి దాచకుండా చెప్పండి. అటువంటివారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు పనికిరావు. వెంట్రుకల మీద ఫలితం కోసం కనీసం ఆరు నెలలు ఆగాలి. అప్పటికీ చాలకపోతే పురుష హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ వంటి మందు చేరుస్తాము. అది గర్భంలోని శిశువుకు హాని చేయవచ్చు కాబట్టి, గర్భం రాకుండా జాగ్రత్త తీసుకుంటున్నవారికే ఇస్తాము.

రోజూ మాత్ర వేసుకోవడం మీకూ మీ ఇంట్లోవారికీ ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. రెండు మూడు నెలలు నెలసరి రానప్పుడల్లా, గర్భం లేదని నిర్ధారించుకుని, డాక్టరుగారు చెప్పిన ప్రకారం పది రోజులో అటూ ఇటుగానో ప్రొజెస్టిరాన్ రకం మాత్రలు వేసుకుంటే, ఆపిన కొద్ది రోజులకు నెలసరి వస్తుంది. దీనివల్ల వెంట్రుకలు తగ్గవు, మొటిమలు తగ్గవు. గర్భాశయపు పొరకు మాత్రం రక్షణ దొరుకుతుంది.

మెట్‌ఫార్మిన్ షుగరు ఉన్నవారికి మాత్రమే ఇచ్చే మందు కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో రక్తంలోని చక్కెరను, కొంతవరకు బరువును అదుపులో ఉంచుతుంది, కొందరిలో నెలసరి విరామం తగ్గిస్తుంది. వెంట్రుకల విషయంలో దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చెప్పే కొలత) 25 దాటినవారిలో దీని ఉపయోగం స్పష్టంగా ఉంటుంది. మీ బీఎంఐ 27 దాటింది. మన భారతీయుల్లో 23 దాటితేనే బరువు ఎక్కువగా పరిగణిస్తాము. రెండు మందులూ కలిపి వాడడం కూడా మామూలే. మొదట్లో వికారం, విరేచనాలు పట్టడం వంటివి ఉంటాయి. 500 మిల్లీగ్రాములతో, భోజనంతో పాటు మొదలుపెట్టి, వారం రెండు వారాలకు ఒకసారి మోతాదు పెంచుకుంటూ పోతే చాలామందికి సర్దుకుంటుంది. నెమ్మదిగా కరిగే రకం మాత్ర అయితే ఇంకా మేలు. ఏళ్ల తరబడి వాడేవారు, ముఖ్యంగా శాకాహారులు, అప్పుడప్పుడు విటమిన్ బి12 పరీక్ష చేయించుకోవాలి.

ఇనోసిటాల్ వల్ల హాని తక్కువే గానీ, ప్రయోజనానికి ఆధారాలు ఇంకా పరిమితంగానే ఉన్నాయి. నెల నెలా అంత డబ్బు పెట్టడం మీకు భారమైతే మానేయండి. పైన చెప్పిన మందులకు అది ప్రత్యామ్నాయం కాదు.

సమాధానం: పలమనేరు, గృహిణి

డాక్టరుగారి మాటలకు ఎదురు చెప్పాలని కాదు గానీ, పెళ్లి కాని ఆడపిల్లలకు ఇన్ని మందులు అవసరమా అని నాకు అనిపిస్తుంది. మా అమ్మాయికి కూడా ఇదే సమస్య ఉండేది. హార్మోన్ మాత్రలు వేసుకుంటే తలనొప్పి, వికారం వచ్చి మానేసింది. తరువాత చక్కెర, బేకరీ తిండి మానేసి, తెల్లవారి నడక మొదలుపెట్టింది. బరువు తగ్గాక నెలసరి చాలావరకు దారిలో పడింది. ఆయుర్వేద కషాయం కూడా వాడాము. మన వంటింట్లో, మన అలవాట్లలో దొరికే మార్గం ఉండగా, ముందు దానిని ప్రయత్నించమని ఎవరూ గట్టిగా చెప్పరెందుకని నా బాధ.

సమాధానం: ఎండోక్రైనాలజీ వైద్యురాలు, తిరుపతి

మీ అమ్మాయి చేసినది మంచి పని. బరువు తగ్గించుకోవడాన్ని నేను ఏ మందు కంటే తక్కువగా చూడను. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడుతుంది, అండం విడుదల కావడం మొదలవుతుంది. ప్రశ్న అడిగిన అమ్మాయి విషయంలో అది మూడున్నర కిలోల నుంచి ఏడు కిలోల లోపు. అయితే సన్నగా ఉండీ పీసీఓఎస్ ఉన్నవారు నా దగ్గరకు ఎందరో వస్తారు. వారిని బరువు తగ్గమనడం అర్థం లేనిది. బరువు ఉన్నవారిలో కూడా తగ్గినా నెలసరి కుదురుకోనివారు ఉంటారు. వారు ప్రయత్నించలేదని నిందించడం అన్యాయం, ఎందుకంటే ఈ జబ్బే బరువు తగ్గడాన్ని కష్టం చేస్తుంది. ఈ అమ్మాయికి మూడు నెలలు దాటినా నెలసరి రాని సందర్భాలున్నాయి కాబట్టి, బరువు తగ్గే వరకు గర్భాశయపు పొరను గాలికి వదిలేయమని చెప్పలేను. నడకా, మందూ కలిసి సాగవచ్చు.

ఆయుర్వేదం కోరుకునేవారికి తిరుపతిలోనే దేవస్థానం వారి ఆయుర్వేద కళాశాల, వైద్యశాల ఉన్నాయి. అర్హత ఉన్న వైద్యుల దగ్గరకు వెళ్లి, ఏ మందు ఇస్తున్నారో రాయించుకుని, ఆ సంగతి మీ ఇంగ్లీషు వైద్యులకు కూడా చెప్పండి. పేరు లేని పొడులు, సంచుల్లో కట్టిచ్చే భస్మాలు మాత్రం వద్దు. కాలేయమో మూత్రపిండాలో దెబ్బతిని వచ్చినప్పుడు అందులో ఏముందో మాకు తెలిసే దారి ఉండదు.

సమాధానం: పోషకాహార నిపుణురాలు, తిరుపతి

ఆహారం గురించి నా వంతుగా కొంత చెబుతాను. పీసీఓఎస్‌కు ప్రత్యేకంగా ఫలానా ఆహారమే మంచిదని నిరూపణ కాలేదు. ఎవరు ఏది ఏళ్ల తరబడి కొనసాగించగలరో అదే వారికి మంచిది. అందువల్ల అన్నం పూర్తిగా మానేయమని, పాలు ముట్టవద్దని చెప్పే చార్టులను నమ్మి డబ్బు పెట్టకండి.

మన జిల్లాలో కంచంలోకి వచ్చేది కొండంత అన్నం, గరిటెడు పప్పు, చెంచాడు కూర. ఈ పాళ్లు తిరగేయడమే నేను మొదట చేయించే మార్పు. పప్పు, కూర ముందు వడ్డించుకుని, అన్నం ఆ తరువాత తక్కువగా పెట్టుకోండి. రాగి సంగటి మంచిదే గానీ, రాగి అయినంత మాత్రాన ఎంత తిన్నా ఫరవాలేదని కాదు. మెత్తగా ఆడించిన పిండితో చేసిన పెద్ద ముద్ద కూడా రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. చిన్న ముద్ద, దానితో ఆకుకూర పప్పో, ఉలవలో, కోడిగుడ్డో ఉంటే ఆ వేగం తగ్గుతుంది. చలికాలంలో మన వైపు దొరికే అనపకాయల పితికిపప్పు ఎంతో మేలైనది. శనక్కాయల్లో ప్రొటీను బాగానే ఉన్నా 100 గ్రాములకు 560 కెలోరీలకు పైగా ఉంటాయి కాబట్టి, పచ్చడిని అన్నంలో ముద్దలు ముద్దలుగా కలుపుకోకుండా నంచుకునేంతకే పరిమితం చేయండి. బెల్లం కూడా చక్కెర వంటిదే. చిత్తూరు బెల్లం మన ఊరిదన్న మమకారం కొద్దీ కాఫీలో రెండింతలు వేసుకునేవారిని చూస్తుంటాను, ఇన్సులిన్‌కు ఆ తేడా తెలియదు. హాస్టల్ మెస్సులో ఎంపిక తక్కువ అని నాకు తెలుసు. ఉదయం ఇడ్లీ అయితే చట్నీ కంటే సాంబారు ఎక్కువ వేసుకోవడం, సాయంత్రం గుగ్గిళ్లో ఉడికించిన గుడ్డో గదిలో ఉంచుకోవడం వంటివి మీ చేతిలో ఉన్నవే.

వ్యాయామం వారానికి 150 నిమిషాలు తగ్గకూడదు. బరువు తగ్గాలంటే 250 నిమిషాల వరకు పెంచాలి. అంటే వారంలో అయిదారు రోజులు రోజుకు ముప్పావు గంట చురుకైన నడక. దానితో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలి, ఎందుకంటే చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే. నెలకొకసారి శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ ఎక్కి రావడం పుణ్యమూ ఆనందమూ ఇస్తుంది. రోజువారీ నడకకు మాత్రం అది బదులు కాదు.

చిత్తూరు జిల్లా విద్యార్థిని

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. మాత్రలు ఆపాక జబ్బు పాత స్థితికే వస్తుందన్న ఉపాధ్యాయిని అక్క మాట విని అమ్మ కాసేపు ఆలోచించి, సరే, డాక్టరమ్మ దగ్గరకు నేనూ వస్తానంది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. పిల్లలు కలగడం గురించి నిజం ఎంత, భయం ఎంత? పెళ్లి కుదిరితే అబ్బాయికి ఈ సంగతి చెప్పాలా? చుట్టాలు చెప్పవద్దంటున్నారు. ఈ ఆలోచనలతో కొన్ని రాత్రులు నిద్ర కూడా పట్టడం లేదు.

సమాధానం: చంద్రగిరి, విశ్రాంత నర్సు

తల్లీ, పెళ్లిచూపులకు వచ్చిన ప్రతి ఇంటివారికీ చెప్పవలసిన అవసరం లేదు. అది మీ శరీరానికి సంబంధించిన విషయం, వీధిలో చర్చకు పెట్టవలసినది కాదు. సంబంధం ఇద్దరికీ నచ్చి ముందుకు పోతుందనుకున్నప్పుడు, నిశ్చితార్థానికి ముందే, పెద్దల ద్వారా కాకుండా అబ్బాయితో మీరే నేరుగా చెప్పండి. మీరు పెళ్లయ్యాక కూడా మందులు వాడవలసి రావచ్చు, డాక్టర్ల దగ్గరకు తిరగవలసి రావచ్చు. వాటిని దాచుకుంటూ కాపురం చేయడం చాలా కష్టం. ప్రసూతి వార్డులో పనిచేసిన కాలంలో భర్తకు తెలియకుండా మాత్రలు వేసుకునే ఆడపిల్లలు పడిన వేదన చూశాను కాబట్టి ఈ మాట చెబుతున్నాను. మరొకటి, పెళ్లయ్యాక పిల్లలు ఆలస్యమైతే అబ్బాయికి కూడా వీర్య పరీక్ష మొదటే చేయించండి. నీకు పీసీఓడీ ఉందిగా అని అతడిని పరీక్షకు పంపకుండా ఏళ్లు గడిపిన కుటుంబాలు తక్కువేమీ కాదు.

సమాధానం: ఎండోక్రైనాలజీ వైద్యురాలు, తిరుపతి

పీసీఓఎస్ ఉన్నవారిలో చాలామందికి పిల్లలు కలుగుతారు, కొందరికి ఏ మందూ లేకుండానే. నెలసరి సరిగా రాదు కాబట్టి గర్భం రాదనుకోవడం కూడా పొరబాటే. అండం ఎప్పుడు విడుదలవుతుందో ముందుగా తెలియదు అంతే. సహాయం అవసరమైనప్పుడు ఇప్పుడు మొదట ఇచ్చేది అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ మాత్ర. నెలసరి మొదలైన తొలి రోజుల్లో అయిదు రోజుల పాటు ఇస్తాము. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీలకు లెట్రోజోల్ గానీ, పాత మందైన క్లోమిఫీన్ గానీ ఇచ్చి చూస్తే, లెట్రోజోల్ తీసుకున్నవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ తీసుకున్నవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మన దేశంలో సంతాన చికిత్సకు లెట్రోజోల్ వాడకాన్ని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. మీ చుట్టాల్లో ఎవరైనా అది నిషేధించిన మందు అంటే, పాత కబురు విని ఉంటారు. పెళ్లయ్యాక గర్భం కోరుకున్నప్పుడు హార్మోన్ మాత్రలు ఆపి, అంతకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్ర మొదలుపెట్టాలి. గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు, రక్తపోటు వచ్చే అవకాశం మీకు మిగతావారికంటే ఎక్కువ కాబట్టి, తొలి నెలల నుంచే వాటిని చూపించుకోవాలి.

నిద్ర పట్టకపోవడాన్ని తేలికగా తీసుకోవద్దు. దిగులు, ఆందోళన ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. మేము వాటి గురించి అడగడం కూడా వైద్యంలో భాగమే. డాక్టరుగారు అడగకపోతే మీరే చెప్పండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక వెంటనే చేయించుకోవలసిన పరీక్ష గురించి. మీ పరగడుపు షుగరు 98 అంటే మామూలు కిందే లెక్క, కానీ ఈ జబ్బులో పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే చాలామందిలో షుగరు తొలి దశ తెలియకుండా పోతుంది. 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటల తరువాత చేసే పరీక్ష అడిగి చేయించుకోండి. తిరుపతిలో అయితే స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. చిత్తూరులో ఉన్నప్పుడు అక్కడి మంచి ల్యాబులో చేయించినా సరిపోతుంది. రాత్రి భోజనం తరువాత కనీసం 8 గంటలు ఏమీ తినకుండా, మంచినీళ్లు మాత్రం తాగి, ఉదయమే వెళ్లండి. మొదటి రక్తం ఇచ్చాక గ్లూకోజు నీళ్లు అయిదు నిమిషాల్లో తాగి, రెండో రక్తం ఇచ్చేవరకు అక్కడే కూర్చోండి. ఆ మధ్యలో టిఫిను తినడం, బజారుకు నడిచి వెళ్లి రావడం చేస్తే ఫలితం తప్పుతుంది. పరీక్షకు ముందు మూడు రోజులు అన్నం తగ్గించకుండా మామూలుగానే తినండి. రెండు గంటల ఫలితం 140 లోపు ఉంటే, మీ నాన్నగారికి షుగరు ఉంది కాబట్టి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయించుకుంటే చాలు. 140 నుంచి 199 మధ్య వస్తే మెట్‌ఫార్మిన్ రాసిన డాక్టరుగారి దగ్గరకే ఆ కాగితం తీసుకువెళ్లి, వెంటనే మొదలుపెట్టే విషయం మాట్లాడండి. 200 గానీ అంతకు మించి గానీ వస్తే మరో రోజు పరీక్షతో నిర్ధారించుకుని, షుగరుకే వైద్యం ప్రారంభించాలి. హార్మోన్ మాత్రల మీద మీ నిర్ణయం కోసం ఈ పరీక్షను ఆపవద్దు.